పేరు మార్చిన అధ్యాయం

మా సార్ పోయారన్న సంగతి నాకు మంగళవారం ఉదయం తెలిసింది. చిత్తూరులో నేను పనిచేసే కాలేజీలో మొదటి పాఠం ముగించుకుని స్టాఫ్ రూముకు వచ్చేసరికి అటెండరు ఎదురొచ్చి, "తిరుపతి నుంచి ఫోనొచ్చింది మేడమ్. మీ సారంట, తెల్లారి పోయినాడంట" అన్నాడు. ఏ సార్ అని నేను అడగలేదు. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, ఊరికే సార్ అంటే నాకు ఆయనొక్కరే.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో తేల్చుకోవాల్సిన మాట ఒకటి ఇంకా మిగిలి ఉంది. పోట్లాట సగంలో ఉండగా మనిషి లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆయన మంచి రాయడానికి నాకు పేజీలు చాలవు. అయితే ఆయన చేసిన ఒక పని గురించి రాయకపోతే ఆ మంచి కూడా అబద్ధంలాగే ఉంటుంది. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

ఆయన తిరుపతిలో సమాజశాస్త్రం చెప్పేవారు. తొంభైల చివర్లో, వీధి వీధికీ కేబుల్ వైర్లు వేలాడుతున్న రోజుల్లో, నేను ఆయన దగ్గర ఎం.ఫిల్.లో చేరాను. మాది పాకాల. ప్యాసింజరు రైల్లో వచ్చిపోయేదాన్ని. నా చిన్నప్పుడే నాయన పోయాడు. అమ్మ మిషను కుట్టేది, మా మేనత్త రెండు ఆవుల్ని పెట్టుకుని పాలు పోసేది. వాళ్లిద్దరే నన్ను పెంచారు. స్కూల్లో ఏ కాగితం ఇచ్చినా అందులో ఇంటి యజమాని అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోయేది. కుటుంబం గురించి చదవాలన్న పట్టుదల అక్కడే పుట్టిందనుకుంటాను.

టీవీ ధారావాహికల్లో కుటుంబాన్ని ఎలా చూపిస్తున్నారన్నది నా అంశం. తెలుగువి మూడు, హిందీది ఒకటి ఎంచుకున్నాను. ఐదోది ఒక ఇంగ్లీషు చానల్లో అనుకోకుండా కంటబడింది. ఎక్కడో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఒకామె రొట్టెల అంగడి నడుపుతుంది, ఇంకొకామె బస్సు తోలుతుంది. ఏడేళ్ల కొడుకు. వాడిని కన్నది రొట్టెలామె. ఆ ఇద్దరూ స్నేహితులు కారు, అక్కాచెల్లెళ్లు కారు. ఒకరినొకరు ప్రేమించి, మొగుడూ పెళ్లాల్లాగా కలిసి బతుకుతున్నవాళ్లు.

ఈ మాట సార్‌తో చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. కాఫీ గ్లాసు టేబుల్ మీద పెట్టి ఆయన విన్నారు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకభాష మాట్లాడేవారు కానీ, గదిలో మాతో మాత్రం మా ఊరి మాటే.

"ఆ బిడ్డకు జొరమొస్తే ఎవురు లేస్తారు?" అని అడిగారు.

నేను చూసుకోలేదన్నాను.

"అది సూసుకోని రా. ఎంతమంది ఉండారని రాసుకునేది జనాభా లెక్కలోడు. బిడ్డ ఏడిస్తే ఎవురు లేస్తారని సూసేది మన పని."

ఆయన నాకు నేర్పిన సమాజశాస్త్రమంతా ఈ మాటలోనే ఉంది. మా ఇంట్లో కేబుల్ లేదు. హాస్టల్ టీవీ ముందు కూర్చుందామంటే ఆ అమ్మాయిలకు వాళ్ల ధారావాహికలు వాళ్లకుండేవి. అందుకని సార్ వాళ్లింటికే రమ్మన్నారు. తిరుచానూరు రోడ్డు పక్క సందులో చిన్న ఇల్లు. శనివారం పదకొండింటికి పాత భాగం మళ్లీ వేసేవాళ్లు. ఆయన కుర్చీలో, నేను చాపమీద నోటుబుక్కుతో, సార్ భార్య వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చునేవాళ్లం. ఆమెను నేను అమ్మా అనేదాన్ని. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను ముక్కముక్కగా చెబుతూ ఉండేదాన్ని.

మొదటి శనివారమే, బస్సు తోలే ఆమె పనికి పోతూ వాకిట్లో రొట్టెలామెను ముద్దు పెట్టుకుంది. సార్ చప్పున పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను నోటుబుక్కులో తల దూర్చాను. అమ్మ మాత్రం కాసేపు అట్లాగే టీవీని చూసి అడిగింది:

"అయితే వీళ్లిద్దురూ ఒకరికొకరు మొగుడూ పెండ్లాల మాదిరా పాపా?"

"అవునమ్మా."

"సరే. అయితే ఆ బిడ్డకు మేనమామ ఎవురు?"

సార్ పేపరు దించారు.

"నవ్వద్దండి," అంది అమ్మ, ఆయన నవ్వకపోయినా. "చెవులు కుట్టేటప్పుడు ఎవురి ఒళ్లో కూసోబెడతారు? ఇద్దురూ అమ్మలే అయితే ఇద్దురి అన్నదమ్ములూ మేనమామలే గదా. వాండ్లు కొట్టుకోరా?"

సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అంత సంతోషం ఆయన ముఖంలో నేను తర్వాతెప్పుడూ చూడలేదు. "నేను సదివిన పుస్తకాల్లో యాడా లేదమ్మా ఈ ప్రశ్న. రాసుకో, రాసుకో" అన్నారు. పుస్తకాలు రాసినవాళ్లు తల్లి, తండ్రి, బిడ్డ అని మూడు బొమ్మలు గీసుకుని ఆగిపోయారనీ, మనకు ఇల్లంటే ఆ ముగ్గురి చుట్టూ ఉన్న వరసలనీ ఆయన గంటసేపు చెప్పారు. ఇద్దరు అమ్మలున్న ఇంట్లో మేనమామలుంటారు, మేనత్త ఉండదు. మేనత్త చేతిలో పెరిగిన నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. నా నాలుగో అధ్యాయం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

అట్లా చాలా శనివారాలు గడిచాయి. కుటుంబాన్ని చూడ్డానికి పుస్తకాలు మూడు దారులు చూపిస్తాయి. కుటుంబం సమాజానికి ఏ పనులు చేసిపెడుతుందో చూసేది ఒకటి. రోజూ పిలుచుకునే పిలుపుల్లో, చేసుకునే చిన్నచిన్న పనుల్లో కుటుంబం ఎలా తయారవుతుందో చూసేది ఇంకొకటి. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అని చూసేది మూడోది. సార్ వాటిని ఈ వరసలో ఎప్పుడూ చెప్పలేదు. టీవీలో ఏది కనిపిస్తే దాన్ని పట్టుకునేవారు. జ్వరమొచ్చిన రాత్రి లేచింది బస్సు తోలే ఆమేనని తేలాక, "సూడు, కనింది ఒకరు, లేచింది ఒకరు. ఏది అమ్మతనం?" అన్నారు. స్కూల్లో ఎవరో "ఆమె నీకేమవుతుంది?" అని అడిగితే పిల్లవాడు జవాబు దొరక్క షూ లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. దానిమీద నాతో నాలుగు పేజీలు రాయించారు. ఎర్ర సిరా వాడేవారు కాదు. "ఎర్రగా గీస్తే ఆలోచన బెదిరిపోతాది" అని పెన్సిలుతో సన్నగా దిద్దేవారు. బాగుందని ఒక్కసారీ అనలేదు. "ఊఁ, ఇంకా?" అనేవారు. ఆ ఇంకా కోసం నేను రైల్లో నిలబడి కూడా రాసేదాన్ని.

ఒక భాగంలో పిల్లవాడు సైకిలు మీంచి పడ్డాడు. బస్సు తోలే ఆమె వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. కాగితం మీద సంతకం ఆమె పెట్టకూడదన్నారు, కన్నతల్లి రావాలన్నారు. ఆమె బల్ల ముందు నిలబడిపోయింది. నేను చెప్పేలోపే అమ్మకు విషయం అర్థమైపోయింది.

"ఎత్తుకోని వచ్చింది ఆమే గదా! సంతకం ఆమె పెడితే ఏం పోతాది ఆ డాక్టరుకు?"

"డాక్టరును తిట్టి లాభం లేదు," అన్నారు సార్. "ఆ కాగితాన్ని ఎవురు అచ్చేసినారో అడగాల."

అదే మనిషి, ఆ ధారావాహిక మీద నా మోజు కూడా వదిలించారు. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ అంట్ల దగ్గర పోట్లాడుకోరెందుకని అడిగారు. పక్కింటి మొగుడూ పెళ్లాలు వారం వారం అరుచుకుంటున్నారు, వీళ్లు మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. "సూసేవాళ్లు ఒప్పుకోవాలని వీళ్లను మరీ మంచోళ్లను చేసినారు. తప్పు చేసే వీలు లేనోళ్లను మనుషులుగా సూపించినట్టు కాదు. అది రాయి" అన్నారు. రాశాను. అధ్యాయానికి బలం అక్కడే వచ్చింది.

ఇక పెన్సిలు గట్టిగా అదిమి కొట్టేసిన చోటు ఒకటుంది. రొట్టెలామె, బస్సు తోలే ఆమె మా అమ్మా అత్తల్లాంటివాళ్లే కదా అని ఒక పేరా రాశాను. చదివేవాళ్లకు మింగుడుపడుతుందని నా ఆశ. సార్ కాగితం చింపినంత పని చేశారు.

"మీ యమ్మా అత్తా పక్కపక్కన బతికినారు. గొప్పగా బతికినారు, కాదనను. వీళ్లు ఒకరినొకరు కోరి బతకతా ఉండారు. ఆ కోరుకున్న మాట దాటేసి, పాపం ఇద్దురాడోళ్లు అని రాస్తే నువ్వు వాళ్లను మోసం చేసినట్టే. మీ అమ్మనూ మోసం చేసినట్టే. ఎవురి పేరు వాళ్లకు పెట్టు."

ఇంటికి వెళ్లి ఆ పేరా మొత్తం తీసేశాను. ఏదైనా రాసేటప్పుడు ఈ మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంటుంది. అందుకే తర్వాత జరిగింది ఇంతకాలం అరక్కుండా ఉండిపోయింది.

థీసిస్ సమర్పించే ముందు ముగ్గురు పెద్దలతో ఒక కమిటీ ఉంటుంది. ఒక మధ్యాహ్నం డిపార్టుమెంటు గదిలో కూర్చున్నాం. మొదటి మూడు అధ్యాయాలూ ఎవరూ చదవలేదని తెలుస్తూనే ఉంది. నాలుగోది తిప్పగానే కమిటీ పెద్ద కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఏమమ్మా, కొండ కింద కూర్చుని రాయాల్సిందేనా ఇది? రేపు పేపరోళ్లకు తెలిస్తే?"

రెండో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మూడో ఆమె మంచిగానే మాట్లాడింది. విషయం బాగుంది, కష్టపడ్డావు, స్వలింగ దంపతులు అన్న మాట తీసేసి ‘స్త్రీలు నడిపే కుటుంబాలు’ అని పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా అంది.

నేను సార్ వైపు చూశాను. ఆయన మాట్లాడతారని నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఆయన చేతిలో పెన్సిలుంది. దాంతో కాగితం అంచున చిన్నచిన్న గీతలు గీస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా, "అట్లే చేద్దాంలెండి" అన్నారు.

వరండాలో ఆయన్ను ఆపాను. అంతకుముందు నేనాయన ముందు గొంతు పెంచి ఎరగను.

"మీరే కదా సార్ చెప్పింది, ఆ మాట దాటేస్తే మోసమని!"

"చెప్పినాను."

"మరి?"

"పేరు మారస్తే ఏమమ్మా, లోపలుండేది లోపలుండాది గదా."

"పేరే కదా సార్ అసలు విషయం! ఆ పిల్లోడు షూ లేసు దగ్గర ఆగిపోయింది దేనికి?"

ఆయన అటూ ఇటూ చూశారు. తర్వాత అన్న మాటే నన్ను ఎక్కువ కాల్చింది. "మీ యమ్మ ఇంకా ఎంతకాలం మిషను తొక్కతాది? డిగ్రీ తీసుకోని పో. ఉద్యోగం సూసుకో."

అది నిజం కాబట్టే మంట. నేను ఎదురుతిరిగి ఆ కాగితాలు అక్కడ పడేసి రాలేదు. గాంధీ రోడ్డులో ఒక డీటీపీ సెంటర్లో కూర్చుని, ఆపరేటరు పక్కన, ఆ మాట వచ్చిన ప్రతిచోటా తీయించాను. బస్సు తోలే ఆమె రొట్టెలామెకు "సహచరి" కాస్తా "తోడుగా ఉంటున్న స్త్రీ" అయిపోయింది. మేనమామ ప్రశ్న కూడా ఎగిరిపోయింది. వాళ్లిద్దరూ దంపతులు కాకపోతే ఆ ప్రశ్నకు అర్థమే లేదు మరి. డిగ్రీ వచ్చింది. చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. మా అమ్మ మిషను ఆపేసింది. సార్‌కు స్వీట్ల డబ్బా పంపాను కానీ నేను వెళ్లలేదు.

కొన్నేళ్ల తర్వాత మా కాలేజీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి, సార్ దగ్గరే చదివానంది. మాటల్లో మాటగా, "కుటుంబం పాఠంలో సార్ ఒక టీవీ కథ చెప్తారు మేడమ్. ఇద్దరమ్మలు, ఒక బిడ్డ. మేనమామ ఎవరని అడుగుతారు. పాకాల నుంచి వచ్చినమ్మాయి రాసిందని చెప్తారు. స్వలింగ కుటుంబం అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తారు" అంది. ఆ అమ్మాయికి నేను పాకాలదాన్నని తెలియదు.

ఆ ఆదివారమే తిరుపతికి బస్సెక్కాను. సంతోషం వేసిందని రాస్తే బాగుంటుంది. వెయ్యలేదు. గుమ్మంలోనే అడిగేశాను.

"క్లాసునిండా పిల్లల ముందు చెప్పగలిగినారు. ముగ్గురి ముందర చెప్పలేకపోయినారా సార్?"

ఆయన కూర్చోమని చెయ్యి చూపించారు. నేను కూర్చోలేదు.

"పిల్లోళ్లు నన్నేమీ చెయ్యలేరమ్మా," అన్నారు. "ఆ ముగ్గురూ నా ప్రమోషను ఆపగలరు. ఆ పొద్దు నాకు అదే పెద్దదిగా కనబడినాది. మీ యమ్మ పేరు ఎత్తినానే గానీ, భయం నాదే."

అంత సూటిగా చెబుతారని నేననుకోలేదు. పోట్లాడ్డానికి వచ్చినదాన్ని, నా చేతిలో ఏమీ మిగల్లేదు. అది ఇంకా చిరాకు.

"నీ పేరు మీద మళ్లా రాయి," అన్నారు. "తీసేసిన మాటలన్నీ పెట్టి రాయి. ముందుమాటలో నేను చేసింది గూడా రాయి. ఏం పరవాలేదు."

రాస్తానన్నాను. రాయలేదు. పరీక్ష పేపర్లు, పిల్లల పనులు, ఒంట్లో బాగాలేని మా అమ్మ. ఇవన్నీ నిజమే కానీ ఇవి కారణాలు కావు. ఆయన చెప్పాడు కాబట్టి రాయకూడదన్న మొండితనం కొంత ఉంది. పోయిన సంవత్సరం ఆయనకు గుండె ఆపరేషనయిందని తెలిసినా ఫోన్‌తోనే సరిపెట్టాను. నీరసమైన గొంతుతో, బాగున్నావా అని కూడా అడక్కుండా, "రాసినావా?" అన్నారు. "రాస్తా ఉండాను సార్" అని అబద్ధం చెప్పాను. "ఊఁ, ఇంకా?" అన్నారు. నా దగ్గర ఇంకా ఏమీ లేదు. అదే ఆఖరు.

సంతాపసభ పెట్టారు. కుర్చీల్లో ముందు వరుసలో, బాగా ముసలివాడైపోయి, ఆ రోజు కమిటీకి పెద్దగా ఉన్నాయన కూర్చున్నాడు. మైకు ముందుకు వచ్చిన ప్రతివాళ్లూ సార్ ఎవరికీ తలవంచని మనిషన్నారు. నిజమనుకున్నది నిర్మొహమాటంగా చెప్పేవాడన్నారు. నాకు లోపల ఉడికిపోతోంది. ఆయన తలవంచాడు, నేను చూశాను, కాగితం అంచున గీతలు గీస్తూ వంచాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడమే ఆయనలో నాకు కనిపించిన పెద్ద ధైర్యం. దాన్ని మీరు లేకుండా చేస్తున్నారు. ఇదంతా చెప్పాలనుకున్నాను. నా పేరు పిలిచారు. మైకు పట్టుకున్నాను. ఎదురుగా ముసలాయన, ఆయన పక్కన మా ప్రిన్సిపాలు.

సార్ ఎర్ర సిరా వాడేవారు కాదని చెప్పాను. పెన్సిలు గురించి చెప్పాను. అందరూ తలలాడించారు. నమస్కారం పెట్టి దిగివచ్చి కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఆ మధ్యాహ్నం ఆయన కూర్చున్న చోటే నేనూ కూర్చున్నానని. అది తెలిసినందువల్ల ఆయన మీద కోపం తగ్గలేదు. నా మీద కూడా వచ్చి చేరింది, అంతే.

పదకొండో రోజు దాటాక సార్ వాళ్లింటికి వెళ్లాను. బంధువులు వెళ్లిపోయారు. అమ్మ నట్టింట్లో కూర్చుని ఉంది. సభలో ఏం మాట్లాడానో, ఏం మాట్లాడలేదో మొత్తం చెప్పేశాను.

"ఆ కమిటీ దినం మీ సారూ ఇట్లే వచ్చి కూసున్నాడు," అంది అమ్మ. "పాపకు అన్యాయం చేసినానన్నాడు. అయితే పోయి ఆ మాట వాళ్లకు చెప్పు, నాకెందుకు చెప్తావన్నాను. పోలేదు. మూడు దినాలు నేను మాట్లాడలేదు ఆయప్పతో."

"నాకు ఇంకా కోపంగానే ఉందమ్మా."

"ఉండనీ పాపా. నాకు లేదనుకున్న్యావా? నా ప్రశ్న గూడా తీసేసినారు గదా మీరిద్దురూ."

తలెత్తి ఆమెను చూశాను. ఇన్నేళ్లూ ఆ అధ్యాయం నాదనీ, కాదంటే ఆయనదనీ అనుకున్నాను. ఆమె పేరు నేను ఏ పేజీలోనూ, కృతజ్ఞతల్లో కూడా, రాయలేదు. పేరు తీసేసింది కమిటీ ఒక్కటే కాదు.

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్లి, నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. "రేత్రికి ఉండి తినిపో" అంది. ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క వదిలి పప్పు జారుతుంది. నాకు సరిగా రాలేదు. నేను నొక్కినవి కొన్ని ఎగిరి మంచం కిందికి పోయాయి. వీధిలో పూలమ్మి అరుచుకుంటూ పోయింది. గిన్నెలో తొక్కలు ఒక పక్క, తడిగా మెరిసే పచ్చటి పప్పు ఒక పక్క పెరుగుతూ ఉంటే, చీకటి పడ్డా ఎవరం లేచి దీపం వెయ్యకుండా, చేతివేళ్లకు తెలిసినంత మేర పితుకుతూ కూర్చున్నాం.